బర్మీస్ పిల్లి: ఒక జాతి చరిత్ర

బర్మీస్ పిల్లి పేరు బర్మాది; జాతిగా గుర్తింపు వచ్చింది మాత్రం అమెరికాలో. 1930లో జోసెఫ్ థాంప్సన్ అనే నౌకాదళ వైద్యుడు వాంగ్ మౌ అనే ఆడపిల్లిని శాన్ ఫ్రాన్సిస్కోకు తెచ్చుకున్నాడు. చిన్న ఒళ్లు, పొట్టి బొచ్చు, గోధుమ వన్నె. చూసినవాళ్లలో చాలామంది దాన్ని రంగు ముదిరిన సయామీ పిల్లి అనుకున్నారు. అది వేరే రకమని నమ్మిన థాంప్సన్, పెంపకందార్లను, జన్యుశాస్త్రం తెలిసినవారిని కలుపుకొని పరీక్షకు పూనుకున్నాడు.

వాంగ్ మౌకు తగిన సొంత జాతి మగపిల్లి అక్కడ దొరకలేదు. టాయ్ మౌ అనే సయామీ మగపిల్లితో జత కట్టించారు. కూనల్లో కొన్ని సయామీ వన్నెలో, కొన్ని తల్లి వన్నెలో పుట్టాయి. తల్లిని పోలిన ఒక మగకూన ఎదిగాక దాన్ని తిరిగి తల్లితోనే కలిపితే మూడో రకం బయటపడింది: ఒళ్లంతా ఒకే తీరున ముదురు గోధుమ రంగు. ఈ ముదురు పిల్లులను వాటిలో వాటికే కలిపితే ముదురు కూనలే పుట్టాయి. వాంగ్ మౌ సంకరమని, దానిలో సయామీ జన్యువుతో పాటు మరో జన్యువు దాగి ఉందని దీంతో తేలింది. ఈ ఫలితాలు 1943లో ‘జర్నల్ ఆఫ్ హెరెడిటీ’లో అచ్చయ్యాయి. వాంగ్ మౌ లాంటి మధ్యరకాన్ని ఇప్పుడు టాంకినీస్ అంటున్నారు.

అమెరికాలోని క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ 1936లో ఈ జాతిని నమోదు చేసింది. సయామీ కలయిక మితిమీరడంతో 1947లో ఆ నమోదును నిలిపివేసి, 1950లలో పునరుద్ధరించింది. ఈలోగా 1949లో బర్మీస్ పిల్లులు బ్రిటన్ చేరాయి. 1952లో అక్కడా గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత దారులు చీలాయి. అమెరికా రకానికి గుండ్రటి తల, బలిసిన ఒళ్లు. బ్రిటన్ రకానికి కాస్త కోల ముఖం, సన్నని కాళ్లు.

ఈ ఎంపికల ఫలితం జబ్బుల్లోనూ కనిపిస్తుంది. ముఖం మరీ కురచగా ఉండాలని పెంచిన అమెరికా వంశాల్లో పుర్రె వికృతమై బతకని కూనలు పుట్టాయి. దీనికి కారణమైన జన్యుమార్పును 2016లో గుర్తించారు. ఆ మార్పును మోసే రెండు పిల్లులు జత కడితే ప్రతి కూనకూ ఆ ముప్పు నాలుగింట ఒక వంతు. బ్రిటన్, ఆస్ట్రేలియా వంశాల్లో రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు నీరసించే జబ్బు ఉంది. అది ముదిరితే పిల్లి తల నిలపలేక మెడ వాల్చేస్తుంది. దీనికి 2012 నుంచి జన్యుపరీక్ష ఉంది. ఈ వంశాలకు మధుమేహం ముప్పూ ఎక్కువే. అయినా 2024లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో బర్మీస్ సగటు ఆయుర్దాయం 14.4 ఏళ్లని తేలింది; పరిశీలించిన జాతుల్లో అది అత్యధికం.

స్వభావంలో ఇది మనిషిని వదలని పిల్లి. గదిగదికీ వెంట తిరుగుతుంది, ఒళ్లోకి ఎక్కుతుంది, పలకరిస్తే బదులిస్తుంది. ఒంటరితనాన్ని ఓర్చుకోదు. పగలంతా తాళం వేసి ఉండే ఇంటికి ఇది తగదు. మనుషులు మసలే ఇంటికి బాగా నప్పుతుంది. తెచ్చుకునేవారు కూన అందం కన్నా ముందు దాని తల్లిదండ్రుల జన్యుపరీక్షల కాగితాలు అడిగి చూడాలి.