పాళెగాండ్ర బంట్లు, కుంఫిణీ దండు

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలలో సంచరించేవారికి గుట్టలమీద శిథిలమైన కోటగోడలూ, ఊళ్లలో మట్టి బురుజులూ నేటికీ కనబడుతాయి. వాటిలో రాయలనాటివి కొన్ని, పాళెగాండ్రవి మరికొన్ని.

1800 అక్టోబరులో నిజాము, టిప్పుతో జరిగిన రెండు యుద్ధాలవల్ల తనకు లభించిన సీమలను కుంఫిణీ వారికి దత్తం చేసినాడు. తన రక్షణకు వారు ఉంచిన సైన్యపు ఖర్చుకు మారుగా ఇచ్చిన భూమి ఇది. అందువల్లనే దత్తమండలాలన్న పేరు వచ్చినది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో ఎనభైమంది పాళెగాండ్రను ఎదుర్కొనవలసి వచ్చినది. ఆయన అంచనా ప్రకారం వారి చేతికింద 30,000 మంది ఆయుధపాణులు! హైదరు, టిప్పు తరిమివేసిన వారనేకులు నిజాము ఏలుబడి సడలిన తరుణంలో తిరిగివచ్చి తమ కోటలలో కుదురుకొన్నవారే.

ఈ బంట్లు ఎవరు? వీరిలో కట్టుబడివారు అనేకులు. వారికి జీతం లేదు, ఇనాము పొలమున్నది. వానలు పడితే మడక పట్టేవారు. పిలుపు వస్తే కత్తి పట్టేవారు. ఊరే శిబిరంగా గల సైన్యాన్ని ఏ మైదానంలో ఓడించగలరు?

మేజర్ జనరల్ డూగల్డ్ క్యాంబెల్ ఆధిపత్యాన కుంఫిణీ సిపాయిలు, ఆశ్వికులు ఈ సీమలో దిగినారు. 1801 డిసెంబరులో ఆదవాని ప్రాంతపు తెర్నేకల్లు మట్టికోట వారి తొలి దాడిని తిప్పికొట్టినది. పెద్ద ఫిరంగులు తెప్పించిన పిమ్మటగాని అది లొంగలేదు. ఒక్క పల్లెకోటకే ఇంత ప్రయాస అయితే, తక్కినవాటి మాట ఏమి?

మన్రో ఆలోచన వేరు. కోటను పట్టుకొనుటకన్న బంటుకు కూడు పెట్టే చేతిని కట్టివేయుట సులభమని ఆయన గ్రహించినాడు. పాళెగాండ్ర పేష్కషును పెంచినాడు. బంట్లను పోషించుటకు మిగులు లేకుండ చేసినాడు. లొంగనివారిని దండు వెళ్లగొట్టినది. కొందరికి పింఛన్లు దక్కినవి. ఈ కాఠిన్యాన్ని లండనులోని డైరెక్టర్లే ఆక్షేపించినారు. మన్రో తన పనిని సమర్థించుకొన్నాడు. 1807లో ఆయన సెలవుపై వెళ్లేనాటికి సీమ చాలవరకు సద్దుమణిగినది. తరువాతి కాలంలో రైతులు తమ బిడ్డలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారంటే, పాళెగాండ్ర దౌర్జన్యం వారిని ఎంత వేధించినదో ఊహించవచ్చు.

అయితే కత్తి దింపిన బంటు సంగతి ఏమి? పాళెగాడు పోయినా కట్టుబడివాని పొలం కొంతకాలం నిలిచినది. తరువాతి అధికారులు ఆ ఇనాములమీద కూడ చేయివేసినారు. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై పడినాడు. పదకొండు రూపాయల పదణాల ఎనిమిది పైసల పింఛను పుచ్చుకొనే పాళెగాని వంశీయుడాయన. ఆయన వెంట నడచినవారిలో ఇనాములు పోయిన కట్టుబడివారున్నారు. దండు మళ్లీ కదలినది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసినారు. మన్రో అప్పటికి ఇరువదియేండ్ల క్రితమే పత్తికొండలో విషూచితో కన్నుమూసినాడు.