హైదరాబాదు వీడియో గేమ్ పరిశ్రమ సంఘాలు

తెలుగు నేల మీద వీడియో గేమ్ తయారీదారుల సంఘాల కథ చాలావరకు హైదరాబాదులోనే నడిచింది. చెప్పుకోదగ్గవి రెండు: దేశవ్యాప్త సంస్థ గేమ్ డెవలపర్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా (జీడీఏఐ), రాష్ట్ర సంస్థ తెలంగాణ వీఎఫ్‌ఎక్స్, యానిమేషన్, గేమింగ్ అసోసియేషన్ (టీవాగా).

మొదటిదానికి పుట్టిల్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘమైన నాస్కామ్. అందులోని గేమింగ్ ఫోరానికి తొలి సారథి రాజేశ్ రావు. బెంగళూరులో ధ్రువ ఇంటరాక్టివ్ స్టూడియో పెట్టినది ఆయనే. ఫోరం ఏటా జరిపే డెవలపర్ల సదస్సు కొన్నేళ్లు పుణెలో సాగి, 2016లో హైదరాబాదులో జరిగింది. తరవాత ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ (ఐజీడీసీ)గా పేరు మార్చుకుంది. జీడీఏఐకి పర్పుల్‌టాక్ సహ వ్యవస్థాపకుడు శ్రీధర్ ముప్పిడి అధ్యక్షత వహించారు. టీవాగాకు అధ్యక్షుడిగా పనిచేసినవారు రాజీవ్ చిలకా. 2008లో టీవీకెక్కిన ‘ఛోటా భీమ్’ సృష్టికర్త ఆయనే. ఈ రంగాల సంస్థల కోసం రాయదుర్గంలో తలపెట్టిన ఇమేజ్ టవర్‌కు 2017 నవంబరులో అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ శంకుస్థాపన చేశారు.

అమెరికా వీడియో గేమ్ సంఘం పుట్టుక ఇలాంటిది కాదు. ‘మోర్టల్ కాంబాట్’ వంటి ఆటల్లోని హింసపై 1993లో సెనేట్ విచారణలు జరిగితే, ఆ సెగకు 1994లో ఐడీఎస్‌ఏ పేరుతో అది పుట్టింది. 2003 నుంచి దాని పేరు ఈఎస్‌ఏ. మొదటి నాయకుడు డగ్ లోవెన్‌స్టీన్ 2007 దాకా ప్రభుత్వంతో వాదించడమే వృత్తిగా పనిచేశాడు. మనవాళ్లు స్టూడియో యజమానులు. సంఘం పని వాళ్లకు రెండో పని. అందుకే కాబోలు, ఇక్కడ సదస్సులు కళకళలాడినంతగా చట్టాల మీద గొంతు వినిపించలేదు.

ఆ అవసరం పేకాట వైపునుంచి వచ్చిపడింది. పందెం కట్టే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017 జూన్‌లో ఆర్డినెన్సుతో నిషేధించింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టడంతో తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఫోన్‌లో ఆడే డబ్బాటలూ చట్టం కిందికి వచ్చాయి. వాటి కంపెనీలకు ఆలిండియా గేమింగ్ ఫెడరేషన్ వంటి వేరే సంఘాలుండేవి. అయినా అపవాదు మాత్రం అందరికీ అంటింది. తమను జూదంతో కలపవద్దని దేశీయ స్టూడియోలు ప్రధానికి లేఖలు రాశాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బాటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌నూ పందెంలేని ఆటలనూ విడదీసింది. అదే ఏడాది నవంబరులో ఐజీడీసీ హైదరాబాదులో కాక చెన్నైలో జరిగింది.