జీవిత బీమా: నామినీ హక్కులు, సొమ్ము చెల్లింపు పద్ధతులు

పాలసీదారుడు మరణించినప్పుడు బీమా సంస్థ సొమ్ము చెల్లించేది పాలసీ పత్రంలో నామినీగా నమోదైన వ్యక్తికి. పాలసీ తీసుకొన్న నాడు వ్రాయించిన ఆ పేరును చాలామంది మరల చూచుకొనరు. చిక్కులు అక్కడే మొదలవుతాయి.

నామినీ హక్కు

నామినేషన్‌ను గురించి బీమా చట్టం, 1938లోని 39వ సెక్షను వివరిస్తుంది. నామినీ సొమ్మును అందుకొనే వ్యక్తి మాత్రమేననీ, ఆ సొమ్ము వారసులకు చెందుతుందనీ సుప్రీంకోర్టు 1983లో తీర్పు చెప్పింది. తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానం నామినీలైనచో ఆ సొమ్ముపై హక్కు కూడ వారిదేనని 2015 నాటి సవరణ చట్టం పేర్కొన్నది.

అయినను వివాదాలు ఆగలేదు. ఒక వ్యక్తి వివాహానికి ముందు తల్లిని నామినీగా వ్రాయించాడు. వివాహమై, బిడ్డ పుట్టిన తరువాత కూడ పేరు మార్చకుండానే మరణించాడు. ఈ వ్యాజ్యంలో కర్ణాటక హైకోర్టు 2025లో తీర్పునిస్తూ, వారసులు హక్కు కోరినప్పుడు ఈ సవరణ వారసత్వ చట్టాన్ని త్రోసిపుచ్చజాలదని చెప్పి, తల్లికి, భార్యకు, బిడ్డకు తలా మూడవ వంతు నిర్ణయించింది. జీవించి ఉండగా ఒక్క దరఖాస్తు ఇచ్చి ఉంటే అత్తాకోడళ్ళు న్యాయస్థానానికి వెళ్ళవలసిన అవసరం కలిగేది కాదు.

గమనింపవలసిన విషయాలు

పాలసీ గడువు ముగిసేలోగా నామినీని ఎప్పుడైనను మార్చుకొనవచ్చును. మార్పు బీమా సంస్థ రికార్డులో నమోదు కావాలి. నామినీ మైనరైనచో సొమ్ము స్వీకరించుటకు పెద్దవారినొకరిని అపాయింటీగా నియమించాలి. నామినీ ముందుగా మరణించి, వేరొకరి పేరు వ్రాయించని పక్షంలో సొమ్ము వారసులకు చెందుతుంది. అప్పుడు వారసత్వ ధ్రువపత్రం అవసరం కావచ్చును. పాలసీపై అప్పు ఉన్నచో బాకీ, వడ్డీ మినహాయించి మిగిలినదే నామినీకి దక్కుతుంది.

వివాహితుడు వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 1874 క్రింద భార్యాబిడ్డల కొరకు పాలసీ తీసుకొన్నచో, ఆ సొమ్ము అతని అప్పులవారికి సాధారణంగా చిక్కదు. ఈ సంగతి పాలసీ తీసుకొనే సమయంలోనే వ్రాయించాలి.

చెల్లింపు పద్ధతులు

సొమ్మును ఒకేసారి పొందుట సాధారణ పద్ధతి. అనేక పాలసీలలో 5, 10 లేక 15 సంవత్సరాలపాటు నెలవారీగా గాని, సంవత్సరానికొకసారి గాని వాయిదాలలో పొందే వీలు కలదు. పాలసీదారుడే వాయిదాలను ఎంచుకొని ఉంటే, తరువాత నామినీ దానిని మార్చుటకు సాధారణంగా వీలుండదు. అప్పు తీర్చవలసిన ఇంటికి ఏకమొత్తం, పిల్లల చదువు సాగవలసిన ఇంటికి వాయిదాలు అనుకూలం.

సరిహద్దు కుటుంబాలకు

మన ఇండ్లలో ఇంటిపేరు ముందు వ్రాస్తారు. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. పాలసీలో ఒక విధంగా, ఆధార్‌లోను బ్యాంకు పుస్తకంలోను మరొక విధంగా పేరుంటే చెల్లింపు ఆలస్యం కాగలదు. ముందుగానే సరిచేయించుకొనుట మేలు.

మరణం సంభవించిన చోటనే నమోదు జరుగుతుంది. హోసూరు వాసి బెంగళూరు ఆసుపత్రిలో మరణిస్తే ధ్రువపత్రం బెంగళూరులోనే తీసుకొనాలి. 21 రోజులలోగా నమోదుకు సమాచారం అందవలెను.

క్లెయిము తిరస్కరింపబడితే ముందుగా బీమా సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా సమాధానం రాకున్నా, వచ్చినది తృప్తికరంగా లేకున్నా, రుసుము లేకుండ బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. కర్ణాటకకు బెంగళూరులో, తమిళనాడుకు చెన్నైలో, ఒడిశాకు భువనేశ్వర్‌లో, యానాముకు హైదరాబాదులో ఈ కార్యాలయాలు కలవు. మహారాష్ట్రలో ముంబయి, పూణెలలో ఉన్నవి.

ఇంట పెండ్లి, పురుడు, మరణం జరిగిన ప్రతిసారీ పాలసీ పత్రం తీసి నామినీ పేరు చదువుకొనుట అవసరం. పత్రం ఎక్కడున్నదో ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండుట అంతకన్న అవసరం.