అణా టిఫిన్

1920 సెప్టెంబరులో మద్రాసు కార్పొరేషన్ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు రోజూ టిఫిన్ పెట్టాలి, ఖర్చు తలకు అణా దాటకూడదు. ప్రతిపాదించింది అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి. తెలుగు దేవాంగుల బిడ్డ. 1882 నుంచి ఆ కౌన్సిల్‌లోనే పాతుకుపోయిన మనిషి. తన జస్టిస్ పార్టీ ఎన్నికల్లో నెగ్గాక ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమని గవర్నరు పిలిస్తే వద్దని, కార్పొరేషన్‌లోనే ఉండిపోయాడు. ఇవాళ టి.నగర్‌కు, అంటే త్యాగరాయ నగర్‌కు, పట్టుచీరలకని వెళ్లే మనవాళ్లు రోజూ ఆయన పేరే పలుకుతున్నారు, సగమే అయినా.

తీర్మానానికి ఆయన చూపిన కారణం నాకు నచ్చుతుంది. చదివే పిల్లలు బీదవాళ్లు, దానివల్ల బడిలో సంఖ్య బాగా దెబ్బతింటోందన్నాడు. పుణ్యం లెక్క చెప్పలేదు, హాజరు లెక్క చెప్పాడు.

హాజరు పట్టీ సంగతి నాకు కొంచెం తెలుసు. ఉత్తర మద్రాసులో కార్పొరేషన్ తెలుగు బడిలో పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ఆకలేస్తోందని ఏ పిల్లాడూ పంతులుతో చెప్పడు. “కడుపునొప్పి సార్” అంటాడు. రెండో పీరియడ్‌కల్లా గోడకు జారగిలబడి చొక్కా అంచు నములుతుంటాడు. పొద్దున ఏం తిన్నావురా అంటే పక్కవాడి మొహం చూస్తాడు. మర్నాడు రాడు. పట్టీలో సున్నా పడుతుంది, కారణం రాసే గడి అందులో ఉండదు. సెక్రటేరియట్‌కు చేరేది ఆ సున్నాల మొత్తమే. కౌన్సిలరు మాత్రం వీధిలో మనిషి. త్యాగరాయ శెట్టి రోజుల్లో ఓటు పన్ను కట్టేవాళ్లకే. ఇలాంటి పిల్లాడి తండ్రికి అది లేదు. అయినా కుళాయి రాలేదని కౌన్సిలరు అరుగు దగ్గరికొచ్చి గొడవపడటానికి ఓటు అక్కర్లేదు కదా.

నిజానికి పిల్లల కడుపు సంగతి పట్టించుకోకముందు ఊరి ఆరోగ్యం అంటే కార్పొరేషన్‌కు ప్రధానంగా నీళ్లే. రెడ్‌హిల్స్ చెరువు నీళ్లు 1872 నుంచి ఊరికి వస్తున్నా వడబోత లేదు. కీల్పాక్‌లో ఇసుక వడపోత తొట్లు 1914లో వచ్చాయి. ఆ తర్వాత శిశు సంక్షేమ కేంద్రాలు. మా నాయనమ్మకు వాషర్‌మన్‌పేట ఇంట్లో పురుడు పోసింది కార్పొరేషన్ నర్సమ్మే. సంచీ పట్టుకుని గుమ్మంలోకి రాగానే ముందు సబ్బెక్కడ అని అడిగేదట. సబ్బు లేక పక్కింటికి పరిగెత్తిన సంగతి తలుచుకుని మా ఇంట్లో చాలాకాలం నవ్వుకునేవారు.

టిఫిన్ పథకం మరో నాలుగు బళ్లకు పాకింది. ఆ బళ్లలో 1922-23లో 811 మంది పిల్లలుంటే 1924-25కు 1,671 మంది అయ్యారు. అది టిఫిన్ చలవేనని నేను ఒట్టేసి చెప్పను, కానీ పంతులుగా అడిగితే మాత్రం ఇంకే కారణమూ వెతకను. అంతలో పద్దు తగువు వచ్చిపడింది. డబ్బు ప్రాథమిక విద్యా నిధిలోంచి పోతోంది. 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం ప్రకారం ఆ నిధిని తిండికి వాడటానికి వీల్లేదని ప్రభుత్వం కొట్టేసింది. 1925 ఏప్రిల్ 1 నుంచి టిఫిన్ బంద్.

దీన్ని తెల్లవాళ్ల ఖాతాలో రాసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. కానీ ద్వంద్వ పాలనలో విద్య మన మంత్రుల చేతిలోని శాఖ. అప్పుడు ముఖ్యమంత్రి పానగల్ రాజా, విద్యామంత్రి ఏ.పి. పాత్రో. ఇద్దరూ త్యాగరాయ శెట్టి జస్టిస్ పార్టీ వాళ్లే. పార్టీ ఒకటైనా కోటలో కూర్చున్నవాళ్లకు చట్టం కనబడింది, కార్పొరేషన్‌లో వాళ్లకు బడి కనబడింది. చట్టం చదివినవాళ్లది తప్పని కూడా అనలేను. పలక, పుస్తకం, పంతులు జీతం విద్య. ఇడ్లీ విద్య ఎలా అవుతుందని అడిగితే ఏ ఆడిటరైనా ఆ మాటే అంటాడు.

ఆపిన ఫలితం వెంటనే తెలిసింది. ఆ బళ్లలో 165 మంది పిల్లలు తగ్గిపోయారు. ఆ తగ్గుదల చూపి పథకం మళ్లీ పెట్టాలని సభ్యులు పట్టుబట్టారు. ఈ వాదన తనకు నమ్మదగ్గదిగా లేదని కమిషనర్ అన్నాడు. ఆయన నమ్మకపోయినా 1925-26లో థౌజండ్ లైట్స్ బడి పిల్లలకు భోజనం తిరిగి మొదలుపెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. కామరాజు రాష్ట్రమంతటా బడి భోజనం పెట్టించింది 1956లో; అందరూ ఈ కథ అక్కడ మొదలుపెడతారు. కార్పొరేషన్ మాత్రం 1927కే మరో నాలుగు బళ్లలో సుమారు వెయ్యిమంది బీదపిల్లలకు మళ్లీ అన్నం పెడుతోంది.