లెక్కలోకి వచ్చే క్లాసు, రాని క్లాసు

పోయినేడు మా అమ్మాయికి తొమ్మిదో తరగతి బయాలజీలో బి వచ్చింది. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఆ కోపంలోనే తను ఇష్టపడి చేరిన పాటల క్లాసు మాన్పించి, దాని బదులు ఇంకో సైన్సు క్లాసు పెట్టించాను. "పాటలు జీపీఏకి పనికొస్తాయా?" అన్నాను. మేముండే కాలిఫోర్నియాలో కాలేజీ సీటు మాటెత్తితే ముందు జీపీఏ అంటారు. ఏ వస్తే 4, బి వస్తే 3, సి వస్తే 2 వేసి తీసే సగటు.

అసలీ లెక్క ఎవరు పెట్టారా అని చదవడం మొదలుపెట్టాను. తెలుగు బీఏ చదివినదాన్ని కదా, దేనికైనా పుట్టుక వెతకడం నాకు అలవాటు.

1892లో అమెరికా హైస్కూళ్లలో ఏం చెప్పాలో తేల్చడానికి ఒక సంఘం వేశారు. పదిమంది సభ్యులు, పదిమందీ మగవాళ్లే. పెద్ద హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్. లాటిన్, గ్రీకు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సులు, చరిత్ర లాంటి వాటికి తొమ్మిది ఉపసంఘాలు పెట్టారు. సంగీతానికి, బొమ్మలకి పెట్టలేదు.

1897లో మౌంట్ హోల్యోక్ అనే ఆడపిల్లల కాలేజీ మార్కుల శాతాలకి ఏ, బి, సి అక్షరాలు కట్టింది. మన పిల్లల కార్డుల మీద అక్షరాలకి అవే పూర్వీకులు.

1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ, కాలేజీ మాస్టార్ల పెన్షన్ల కోసం కోటి డాలర్లిచ్చాడు. ఆ సంస్థ ధర్మకర్తలకి మొదటి అధ్యక్షుడు మళ్లీ ఎలియటే. పెన్షన్ ఇవ్వాలంటే ముందు ఏది కాలేజీయో తేలాలి కదా. అందుకని ఒక కొలత పెట్టారు: ఒక సబ్జెక్టు ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్, అలాంటివి 14 ఉన్న పిల్లల్నే చేర్చుకోవాలి. పెన్షన్ కావాలనుకున్న కాలేజీలు ఒప్పుకున్నాయి. వాటి వెనకే హైస్కూళ్లూ నడిచాయి. మాస్టార్ల ముసలితనానికి రాసిన పద్దులో మన పిల్లల చదువు వచ్చి చేరిందన్నమాట!

ఇప్పటి సంగతికొస్తే, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఏ నుంచి జీ దాకా ఏడు వర్గాలు పెట్టింది. చరిత్ర రెండేళ్లు, ఇంగ్లీషు నాలుగు, లెక్కలు మూడు, సైన్సు రెండు, ఇంగ్లీషు కాని భాష రెండు, కళలు ఒకటి, ఇష్టమైన సబ్జెక్టు ఒకటి. జీపీఏలోకి వచ్చేది ఈ వర్గాల్లోని క్లాసులే. వ్యాయామం రాదు. అదీ తొమ్మిది అయ్యాక వచ్చే వేసవి నుంచి పదకొండు అయ్యాక వచ్చే వేసవి దాకా చదివినవే. తొమ్మిదో తరగతి క్లాసుల్లో సి తగ్గకుండా ఉంటే చాలు, అవి చదివినట్టు లెక్క. ఆ గ్రేడు మాత్రం సగటులో కలవదు. అన్ని కాలేజీలూ ఇలాగే లెక్కేయవు, తొమ్మిది నుంచీ చూసేవీ ఉన్నాయి. అందుకని ఏ కాలేజీకి పంపాలనుకుంటున్నారో ఆ కాలేజీ నియమం ముందే చూసుకోండి. ఒకప్పుడు లాటిన్, గ్రీకులకి పీట వేసిన దేశంలో, ఇప్పుడు వారాంతపు తెలుగు బడికి కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు క్రెడిట్ ఇస్తున్నాయంటే నాకు కడుపు నిండినట్టుంది.

కళలకి ఆ ఒక్క ఏడాది తప్పనిసరి అయింది 2003లో చేరిన పిల్లల నుంచి. 1892లో పీట దొరకని సంగీతం నూట పదేళ్లకి పంక్తిలో కూర్చుంది. అలా కూర్చున్నదాన్ని నేను మా ఇంట్లో లేపేశాను. రెండు రోజులు మాటలు మానేసిన ఆ బి ఏమో ఈ యూనివర్సిటీ సగటులో లేనే లేదు.

నిన్న గిన్నెలు సర్దుతూ, "మళ్లీ పాటల క్లాసులో చేరతావా?" అని అడిగాను.

"లెక్కలోకి వస్తుందని తెలిసిందా అమ్మా?" అంది.

తెలిసిందనే అడిగాను. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇరవై ఏళ్లుగా ఏ లెక్కలోకీ రాని పని చేస్తున్న నేనే ఆ మాట అడిగించుకున్నాను. కాసేపటికి, "నీ పాట వినక ఏడాదైందే" అన్నాను. అప్పుడు నవ్వింది.