పాత కండెన్సరుల వ్రాతలు



తాళపత్రములు చదువువారికి ఒక నియమము కలదు. ఏ కాలపు వ్రాతను ఆ కాలపు మర్యాదను బట్టియే చదువవలెను. వ్రాతతో పాటు ఆకు చివికినదా, గట్టిగా నున్నదా యనియు చూడవలెను. ఈ నియమము పాత రేడియోలకును చెల్లునని నేను నష్టపడి తెలిసికొంటిని.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. నా బాల్యమున మా వీధివారు ఆ కేంద్రపు వార్తలను మా తండ్రిగారి వాల్వు రేడియో చుట్టును చేరి వినెడివారు. బహుకాలము మూగవోయి యున్న ఆ పెట్టెను, ఉద్యోగము విరమించిన పిమ్మట నేను బాగుచేయ బూనితిని. వేరొక పెట్టెనుండి ఊడదీసిన కండెన్సరు నొకదానిని, అంకెలు సరిపోయినవి గదా యని, పరీక్షింపకయే అతికితిని. కొంతసేపు పాట వినబడెను. అంతలో కడపటి వాల్వులోని రేకు ఎఱ్ఱగా కాలెను. దానికిని స్పీకరుకును నడుమనుండు ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయెను.

తప్పెక్కడ జరిగినదో తెలియవలెనన్న ఈ వస్తువు పుట్టుక తెలియవలెను. 1745లో జర్మను దేశీయుడగు క్లైస్టు, ఆ వెనువెంటనే హాలండులోని లైడెన్ నగరమున ముషెన్‌బ్రూకు పండితుడు, గాజుపాత్రలో విద్యుత్తును నిలుపవచ్చునని కనుగొనిరి. అదియే లైడెన్ జాడీ. రెండు లోహపు రేకులు, నడుమ విద్యుత్తును పోనీయని పొర: నేటికిని సూత్ర మిదియే. 1782లో ఇటలీ దేశపు వోల్టా దీనికి కండెన్సరను పేరు పెట్టెను. ఇప్పటి శాస్త్రజ్ఞులు కెపాసిటరన్నను, మన యూళ్ల మరమ్మతుదారుల నోట పాత పేరే నిలిచినది. 1876లో ఇంగ్లండున ఫిట్జ్‌జెరాల్డు గాజునకు బదులు మైనపు కాగితమును వాడెను. 1909లో డుబిలియరు అభ్రకపు కండెన్సరును నిర్మించెను. అభ్రకమనగా మన నెల్లూరు సీమలో, గూడూరు ప్రాంతమున త్రవ్వితీసిన కాకిబంగారమే.

ఇక వ్రాతల సంగతి. కండెన్సరు పరిమాణమును ఫారడే పేరిట ఫారడులలో కొలుతురు. ఫారడు మిక్కిలి పెద్దది గనుక అందు పదిలక్షలవ వంతు మైక్రోఫారడు. నేడు ఎం అను చిన్న అక్షరము మిల్లీకి, అనగా వేయవ వంతునకు గుర్తు. పాత కండెన్సరుపై ఎం.ఎఫ్.డి. అన్నచో మైక్రోఫారడే. ఎం.ఎం.ఎఫ్.డి. అని రెండు ఎం లున్నచో అందులో పదిలక్షలవ వంతు, నేటి పికోఫారడు. ఒక్క అక్షరము విడిచి చదివిన ఇంత భేదము! కాగితపు కండెన్సరు ఒక కొనయందు నల్లని పట్టీ యుండును. అది రుణధ్రువపు గుర్తు గాదు. వెలుపలి రేకు ఆ కొన తీగకు కలిసియున్నదని మాత్రమే చెప్పును. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరుపై ధన రుణ చిహ్నములు మాత్రము నిజముగా ధ్రువములే. తారుమారు చేసిన అది చెడును, పగులనుగూడ వచ్చును.

నేను వ్రాతను సరిగానే చదివితిని: 0.01 ఎం.ఎఫ్.డి., 400 వోల్టులు. ఆకు స్థితిని చూడనైతిని. కాగితము ఏండ్ల తరబడి తేమ పీల్చుకొని లోలోపల కారుచుండెను. ముందు వాల్వునుండి పాటను మాత్రము పోనిచ్చి వోల్టేజిని ఆపవలసిన కాపరి, వోల్టేజినికూడ వదలెను. కడపటి వాల్వు మితిమీరి ప్రవహించెను. చిన్న బ్యాటరీతో పనిచేయు మీటరు ఈ కారుటను పట్టజాలదు. ఆ కండెన్సరుపై వ్రాసియున్న వోల్టేజికి దగ్గరగా నిచ్చి తెలిసినవారిచే పరీక్షింపజేయవలెను. అభ్రకపువి చాలవఱకు నిలుచును, కాగితపువానిని నమ్మరాదు.

మఱొక హెచ్చరిక. తీగ పెరికినను కండెన్సరున విద్యుత్తు నిలిచియుండును. రెసిస్టరు ద్వారా దానిని పోగొట్టక ముట్టరాదు. కొన్ని పాత నూనె కండెన్సరులలో పి.సి.బి. అను విషద్రవ్యముండును, దాని తయారీని అమెరికా 1979లో నిషేధించెను. అట్టివానిని కోయరాదు.

పిమ్మట నేను పాత కండెన్సరు మైనపు గొట్టమును తొలిచి, లోపల క్రొత్తదానిని దాచి, అదే వ్రాత పైకి కనబడునట్లు అమర్చితిని. రేడియో మరల పలుకుచున్నది. కాని మా తండ్రిగారు విన్న ట్రాన్స్‌ఫార్మరు మాత్రము అందు లేదు. మీ యిండ్లలో అట్టి పెట్టె లున్నచో, మీట వేయుటకు ముందు ఈ మాట తలచుకొందురు గాక. సెలవు.