దగ్గరి ఆసుపత్రా, తగిన ఆసుపత్రా?

అర్ధరాత్రి ఇంట్లో ఒకరికి గుండెనొప్పి వస్తే మీకు మొదట తోచే ప్రశ్న "ఏ ఆసుపత్రికి?" అన్నదే. ఇది అనాదిగా ఉన్న ప్రశ్న అనుకుంటాము. కాని, గుండెపోటు విషయంలో దీనికి ప్రాణమంత విలువ వచ్చి నలభై ఏళ్లే అయింది.

నేను 1970ల చివర ప్రభుత్వ సర్వీసులో చేరిన నాటికి గుండెపోటు రోగికి మేము ఇవ్వగలిగినవి పడక విశ్రాంతి, ఆక్సిజన్, నొప్పి తగ్గించే ఇంజెక్షన్. పెద్దాసుపత్రిలో మానిటరు, గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం అదనం. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే మందు వాడుక అక్కడా లేదు. 1986లో ఇటలీ వైద్యులు దాదాపు 11,800 మంది రోగులపై జరిపిన అధ్యయనం ఈ స్థితిని మార్చింది. స్ట్రెప్టోకైనేజ్ అనే మందు రక్తపు గడ్డను కరిగించి మరణాలను తగ్గించింది. నొప్పి మొదలైన తొలి గంటలో అందినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆలస్యమైనకొద్దీ ఫలితం సన్నగిల్లింది. వైద్యానికి గడియారం వచ్చింది.

పక్షవాతానికి ఆ గడియారం 1995లో వచ్చింది. గడ్డను కరిగించే మందు మూడు గంటలలోపు ఇస్తే మేలని అమెరికా అధ్యయనం తేల్చింది. 2008లో ఐరోపా వైద్యులు ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచారు. అయితే మెదడులో గడ్డ కట్టిందా, రక్తం చిట్లిందా అన్నది సీటీ స్కాన్ లేనిదే తెలియదు. చిట్లినవానికి ఈ మందు ఇస్తే ప్రాణానికే ముప్పు. కనుక స్కాన్ లేని నర్సింగ్ హోమ్‌లో ఎక్కించే సెలైన్ సీసా, ఎంత శ్రద్ధతో ఎక్కించినా, కాలహరణమే.

పాముకాటు లెక్క వేరు. విరుగుడు మందు 1890ల నుంచే ఉంది; అది నిల్వ ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పక్కనే ఉండగా నగరానికి పరుగెత్తడం పొరపాటు. అక్కడ మొదటి మోతాదు వేయించుకొని, అవసరమైతే ఆపైన వెళ్లాలి.

క్షతగాత్రులను వేగంగా తరలించాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1790లలో ఫ్రెంచి సైన్య వైద్యుడు లారీ తేలికపాటి గుర్రపు బండ్లను యుద్ధభూమికే పంపాడు. హోదా చూడకుండా, గాయం తీవ్రతను బట్టి చికిత్స చేయాలన్నాడు. మన తెలుగునాట 108 వాహనం 2005 ఆగస్టు 15న హైదరాబాదులో బయలుదేరింది. అంతకుముందు పల్లెల్లో ఎడ్లబండి, ట్రాక్టరు, మంచమే అంబులెన్సు.

చేర్చుకోవడం మాటేమిటి? ప్రమాద బాధితునికి పోలీసు లాంఛనాల కంటే ముందు చికిత్స చేయడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి విధి అని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన పశ్చిమ బెంగాల్ శ్రామికుణ్ణి మంచాలు లేవని పలు ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపిన వ్యాజ్యంలో, అది జీవించే హక్కుకు భంగమని 1996లో పేర్కొని రూ.25,000 పరిహారం ఇప్పించింది. ఈ తీర్పులు మావాళ్లలో ఎంతమంది చదివారో నాకు సందేహమే!

సర్వీసు తొలినాళ్లలో గుండెపోటుతో మరణించిన ఒక రైతు భార్య నన్ను అడిగింది: "ముందే పట్నం తీసుకుపోతే బతికేవాడా అయ్యా?" పెద్ద తేడా ఉండేది కాదమ్మా అన్నాను. అది ఆనాటికి సత్యమే. పదవీ విరమణకు కొద్ది ముందు మరొక ఇల్లాలు అదే అడిగింది. ఆమె భర్తకు తెల్లవారుజామున నొప్పి మొదలైంది. ఊళ్లో గ్యాస్ నొప్పి అని ఇంజెక్షన్ చేశారు. తరువాత ఈసీజీ కూడా లేని చోట రెండు సీసాలు ఎక్కించారు. మా దగ్గరకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గడ్డను కరిగించే మందు మా బీరువాలోనే ఉంది. ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను.